శుక్రవారం గ్రూపు

సంజీవ్ లేచి నిలబడటానికి చాలాసేపు పట్టింది. ముందు చెయ్యి సగం ఎత్తి దించేసుకున్నాడు. మళ్లీ ఎత్తాడు. రాజలక్ష్మి మేడమ్ చూసి, చెప్పమన్నట్టు తల ఊపింది.

"మేడమ్, క్లాసుల చెప్పేది నాకు అర్థమైతలేదు" అన్నాడు. "గురుకులంల తెలుగుల సదువుకున్న. నీట్ సుత తెలుగుల్నే రాసిన. ఇక్కడ పుస్తకం తెరిస్తే ఒక్క పేజీకే పొద్దుపోతాంది. ఎట్ల సదవాలె మేడమ్?"

కోరుట్ల దాటాక మెట్‌పల్లి రోడ్డు మీద ఉన్న ఆ ప్రైవేటు మెడికల్ కాలేజీలో ప్రతి ప్రొఫెసరుకూ అన్ని సంవత్సరాల విద్యార్థుల్లోంచీ కొందరిని ఏరి ఒక గ్రూపుగా అప్పగిస్తారు. వాళ్ల చదువు, మంచిచెడ్డలు ఆ ప్రొఫెసరు కనిపెట్టుకోవాలి. ఫిజియాలజీ ప్రొఫెసరు రాజలక్ష్మి గ్రూపు శుక్రవారం సాయంత్రాలు ల్యాబు పక్క గదిలో కూర్చుంటుంది. ఆ గ్రూపులో మూడో సంవత్సరం చదివే అఖిల, మేడమ్‌కు కుడిభుజం లాంటిది.

మేడమ్ కుర్చీలోంచి లేచి అఖిల వెనక్కి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మంచి ప్రశ్న. జవాబు ఇక్కడే కూర్చుని ఉంది. అఖిలది వీర్నపల్లి. తల్లి కూలికి పోతుంది. ఈమె కూడా నీలాగే తెలుగు మీడియం. ఇప్పుడు బ్యాచ్‌లో ముందువరుసలో ఉంది. ఈమెకు ఎవరైనా పక్కన కూర్చుని చెప్పారా? లేదు. పట్టుదల ఒక్కటే. ఈమెకు సాధ్యమైంది నీకెందుకు కాదు సంజీవ్?"

అందరూ చప్పట్లు కొట్టారు. అఖిల బల్ల అంచు వైపు చూస్తూ ఉండిపోయింది. ఈ మాటలు ఆమె ఇంతకుముందూ విన్నది. ప్రతిసారీ అమ్మ కూలి ముందొస్తుంది, తన పట్టుదల వెనక వస్తుంది. ప్రతిసారీ ఒక పేరు మాత్రం రాదు. మొదటి సంవత్సరమంతా ఫైనలియర్ విజయ అక్క సాయంత్రాలు మెస్సులో కూర్చోబెట్టుకుని, ఇంగ్లిషు వాక్యాన్ని ముక్కలు చేసి, మన మాటల్లో చెప్పి, మళ్లీ ఇంగ్లిషులో అప్పజెప్పించుకునేది. ఆ సంగతి మేడమ్‌కు చెప్పాలని అఖిల ఒకటి రెండుసార్లు అనుకుంది. పొగుడుతున్నప్పుడు అడ్డం చెప్పడం ఎలాగో తెలియలేదు.

చప్పట్లు ఆగేసరికి సంజీవ్ కూర్చుని ఉన్నాడు. అతనికి జవాబు దొరికిందో లేదో ఎవరూ అడగలేదు. మేడమ్ వచ్చే బుధవారం జరగబోయే సభ గురించి మొదలుపెట్టింది. వేరే కాలేజీల డీన్లు ఈ గ్రూపుల పద్ధతి చూడటానికి వస్తున్నారు. అఖిల తన కథ చెప్పాలి.

మీటింగు అయ్యాక వరండాలో సంజీవ్ వెనకనుంచి వచ్చాడు.

"అక్కా, బ్రేకియల్ ప్లెక్సస్ ఒక్కసారి చెప్తవా? మెడ కాడికెల్లి చెయ్యిలకు దిగే నరాలు. బొమ్మ చూస్తేనే తల తిరుగుతాంది."

"ఆదివారం మెస్సుల కూసుందాం తమ్మీ" అంది అఖిల.

ఆదివారం మధ్యాహ్నం మేడమ్ ఆమెను రిహార్సలుకు పిలిచింది. మెస్సు కిటికీ పక్కనుంచి పోతుంటే, మూలబల్ల దగ్గర సంజీవ్ పుస్తకం తెరుచుకుని కూర్చుని కనిపించాడు. పక్కన ఇంకో కుర్చీ లాగి పెట్టాడు. అఖిల కిటికీలోంచే చెయ్యి ఊపి, తర్వాత అన్నట్టు సైగ చేసి వెళ్లిపోయింది. రిహార్సలు సాయంత్రం దాకా సాగింది. "అమ్మ చేతులు కాయలు కాసి ఉండేవి అన్నచోట కాస్త ఆగు" అని మేడమ్ చెప్పింది. "సభ రోజు మీ సిరిసిల్ల నేత చీర కట్టుకో. మీ అమ్మ కట్టుకుంటుంది చూడు, అలాంటిది."

సోమవారం సంజీవ్ మెస్సుకు రాలేదు. అఖిల గమనించింది కానీ వార్డులో కేసులు రాసుకునే పనిలో మరిచిపోయింది. మంగళవారం పొద్దున టిఫిను దగ్గర అతని రూమ్మేటు సురేందర్ ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. చేతిలో ప్లేటు లేదు.

"అక్కా, సంజీవ్ నిన్న పొద్దున ఇంటికని పోయిండు. ఫోన్ బంద్ ఉంది. ఇప్పుడు వాళ్లమ్మ నాకు ఫోన్ చేసి, మావోడు ఫోన్ ఎత్తుతలేడు, జర ఇయ్యి బిడ్డా అంటాంది."

"అంటే ఇంటికి పోలేదా?"

"పోలేదు. క్లాసుల ఉన్నడని చెప్పిన. ఇంకేం చెప్పాల్నో తెల్వలే." సురేందర్ గొంతు తగ్గించాడు. "వారం సంది సరిగ తింటలేడక్కా. రాత్రి లైటు తీసేసినంక సుత కూసోనే ఉంటుండె. నేను సదువుకుంటుండనుకున్న."

అఖిల ఇడ్లీ ముక్క ప్లేటులో పెట్టేసింది. సంజీవ్‌ది బీర్పూర్. నాన్న దుబాయిలో ఉంటాడు. ఇంట్లో అమ్మ రాధ ఒక్కతే. వేరే ఎక్కడికి పోతాడని అడిగితే సురేందర్ గుర్తు చేసుకుని చెప్పాడు. "వెల్గటూర్ల మేనత్త ఉందంటుండె. గోదారి కాడ."

గోదారి అన్న మాట వినగానే అఖిల లేచి నిలబడింది. ప్లేటు అక్కడే వదిలేసి ఫిజియాలజీ విభాగానికి వెళ్లింది.

మేడమ్ గదిలో బల్ల నిండా పూలదండల బిల్లులు, శాలువాలు ఉన్నాయి. అటెండరుతో కుర్చీల సంగతి మాట్లాడుతోంది. అఖిల చెప్పిందంతా నిలబడే విన్నది.

"ఇల్లు గుర్తొచ్చి ఉంటుంది. ఫస్టియర్‌లో ఇది మామూలే" అంది.

"ఇంటికి పోలేదు మేడమ్."

"బంధువుల దగ్గరికి పోయి ఉంటాడు. నువ్వే చెప్తున్నావు కదా, అత్త ఉందని." అటెండరును బయటికి పంపి, గొంతు మెత్తగా చేసింది. "చూడు అఖిలా. రేపు సభ. మన గ్రూపు పిల్లవాడే కనిపించకుండా పోయాడని ఇవాళ గోల చేస్తే ఎలా ఉంటుంది? వార్డెన్‌కు నేను చెప్తాను. సభ కాగానే మనమే చూద్దాం. ఒక్కరోజు."

"ఒక్కరోజుల ఏమన్నా అయితే?"

మేడమ్ ఆమెను ఒక క్షణం చూసింది. "నువ్వు బాగా అలసిపోయావు. పోయి చీర ఇస్త్రీ చేసుకో."

అఖిల బయటికి వచ్చి సంజీవ్ నంబరుకు మళ్లీ మళ్లీ చేసింది. స్విచ్చాఫ్ అనే వచ్చింది. వార్డెన్ దగ్గరికి వెళ్తే, ఆయన రిజిస్టరు తిరగేసి, ఇంటికి పోతున్నట్టు రాసే పోయాడమ్మా అన్నాడు. మేడమ్ ఏమైనా చెప్పారా అంటే, ఏ విషయం అని అడిగాడు. సురేందర్ దగ్గర నంబరు తీసుకుని రాధకు ఫోన్ చేసి, నిజం చెప్పి, అత్తకు ఫోన్ చేసి కనుక్కొమ్మంది. అవతల ఆ తల్లి ఊపిరి మారడం వినిపించింది. ఆడబిడ్డ లచ్చవ్వకు ఫోన్ లేదని, లచ్చవ్వ కొడుకు కుంటల కాడ బోరుకు పోతే సిగ్నలుండదని, ఆడబిడ్డతో గొడవైనకాడికెల్లి మాటలు సుత లేవని ఆమె తడబడుతూ చెప్పింది. "నేను పోత బిడ్డా" అంది. "పొద్దున బస్సుకు పోత."

"నేను పోత అమ్మా. మీరు ఇంటికాడ్నే ఉండుండ్రి, ఆడికే వస్తడేమో. నేను చూసి ఫోన్ చేస్త."

బుధవారం పొద్దున అఖిల నేత చీర కట్టుకుంది. హాస్టల్ ముందు మేడమ్ పంపిన కారు ఆగి ఉంది. సభ కాగానే వెల్గటూర్ పోదామనుకుని, కారు ఎక్కడానికే కిందికి దిగింది. డ్రైవరు తలుపు తీశాడు. అఖిల కారు దాటి గేటు దాకా నడిచి, రోడ్డు మీద కోరుట్ల వైపు వస్తున్న బస్సుకు చెయ్యెత్తింది. అంతకు ముందు క్షణం దాకా తను ఆ పని చేస్తుందని ఆమెకూ తెలియదు.

కండక్టరు ఆధార్ కార్డు చూసి ఆడవాళ్లకు డబ్బులు తీసుకోకుండా ఇచ్చే జీరో టికెట్టు కొట్టి ఇచ్చింది. జగిత్యాలలో దిగి, ధర్మపురి మీదుగా పోయే బస్సు ఎక్కింది. ఫోన్ మోగడం మొదలైంది. రాజలక్ష్మి మేడమ్. అఖిల ఎత్తలేదు. మళ్లీ మోగింది. మూడోసారి ఎత్తి, "మేడమ్, నేను వెల్గటూర్ పోతున్న" అంది.

అవతల మైకు సరిచేస్తున్న చప్పుడు వచ్చింది.

"వాళ్లు వచ్చి కూర్చున్నారు అఖిలా" అంది మేడమ్. "నీ పేరు అచ్చేశాం. నన్ను ఎక్కడ నిలబెట్టావో తెలుసా?" ఫోన్ పెట్టేసింది.

దారి పొడుగునా రోడ్డు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మబ్బు కమ్ముకుంటోంది. బస్సులో ఆడవాళ్లు కిటికీల్లోంచి పైకి చూస్తూ, ఎవరి వడ్లు ఎక్కడున్నాయో చెప్పుకుంటున్నారు. అఖిల చేతివేళ్లు చీర కొంగును ముడివేసి విప్పుతూనే ఉన్నాయి.

వెల్గటూర్‌లో లచ్చవ్వ ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటామె గడపలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

"లచ్చవ్వ వడ్లు కొనే ఐకేపీ సెంటర్ కాడుంది. వడ్లు అక్కడ్నే పోసిన్రు."

"వాళ్ల మేనల్లుడు వచ్చిండా అవ్వా?"

"ఆ పిలగాడా. వచ్చిండు. పొద్దుగాల గోదారి దిక్కు పోతుంటె చూసిన."

అఖిల చెప్పులు చేత పట్టుకుని నడిచింది, కొంత దూరం పరుగెత్తింది. ఊరి చివర మైదానంలో వడ్ల రాశులు, బస్తాల వరుసలు, కాంటా దగ్గర హమాలీలు కనిపించారు. అందరూ ఒక్కసారే రాశుల మీదికి టార్పాలిన్ పరదాలు లాగుతున్నారు. మొదటి చినుకులు పడ్డాయి. ఆ గందరగోళం మధ్యలో, మోకాళ్ల దాకా ప్యాంటు మడిచి, ఒక పెద్ద రాశి మీదికి పరదా ఎగదోస్తూ సంజీవ్ కనిపించాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. అతను తలెత్తి చూశాడు. చీర కట్టుకున్న అఖిలను పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది.

"అక్కా, ఆ కొస పట్టు. గాలి లేపుతాంది" అన్నాడు.

అఖిల చెప్పులు పక్కన పడేసి పరదా కొస పట్టుకుంది. గాలి దాన్ని ఆమె చేతుల్లోంచి గుంజుతోంది. అవతలి వైపు నడివయసు ఆవిడ, లచ్చవ్వ, రాళ్లు తెచ్చి అంచుల మీద పెడుతోంది. వాన పెద్దదయ్యేలోపు రాశి మూసేశారు. అప్పటికే కాలువలా పారుతున్న నీళ్లు కిందికి పోకుండా సంజీవ్ పారతో గట్టు పోశాడు. అంతా అయ్యాక ముగ్గురూ బస్తాల కోసం వేసిన రేకుల కిందికి చేరారు. అఖిల చీర మోకాళ్ల దాకా బురద, పైన వడ్ల దుమ్ము.

ముందు రాధకు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా సంజీవ్ చేతికి ఇచ్చింది. అతను పక్కకు తిరిగి, "అమ్మా, అత్త కాడున్న" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు అవతల ఏడుపే వినిపించింది. అతను "ఊకో అమ్మా" అని మాత్రం అంటూ ఉన్నాడు. లచ్చవ్వ ఫోన్ లాక్కుని, "వదినె, బుగులు వడకు, నా కాడ్నే ఉన్నడు" అంది. చాలా రోజులకు ఆ ఇద్దరూ మాట్లాడుకోవడం అదే అయ్యుండాలి. లచ్చవ్వ ఫోన్ పట్టుకుని దూరంగా బస్తాల వెనక్కి వెళ్లింది.

"ఇయ్యాల్నే కదా నీ సభ" అన్నాడు సంజీవ్.

"ఇయ్యాల్నే."

"మరి గిక్కడికెందుకచ్చినవ్?"

అఖిల వార్డులో నేర్చుకున్న ఒక ప్రశ్న ఉంది. సూటిగా అడగాలని, అడగడానికి భయపడకూడదని సైకియాట్రీ సార్ చెప్పాడు. నేర్చుకున్నప్పుడు అది ఇంత బరువుగా లేదు.

"సంజీవ్, సచ్చిపోవాలనిపించిందా?"

అతను రేకు అంచు నుంచి కారుతున్న నీళ్లను చూస్తూ ఉన్నాడు.

"గోదారి కాడికి పోయిన నిన్న. ఇయ్యాల సుత పోయిన. నీళ్లు చూసి కూసున్న." ఆగాడు. "ఏదన్న చేసుకోవాలని పోలే. బాపు దుబాయికెల్లి రోజూ ఫోన్ చేసి, డాక్టర్‌సాబ్ ఏం చేస్తుండు అంటడు. గా మాట ఇననీకి అయితలేదక్కా. అత్త పొద్దుగాల ఒడ్డుకొచ్చి, వడ్లు తడుస్తయ్ రా, నడువు అన్నది. అచ్చిన."

"నాకెందుకు చెప్పలే?"

"ఏం చెప్పాలె. నీకు ఎవ్వలు చెప్పకుండనే అచ్చిందాయె. నాకు వస్తలేదంటే, నా మెదడే గట్లుంది అనుకున్న. ఆదివారం అడుగుదామనుకున్న. నువ్వు చెయ్యి చూపిచ్చి పోయినవ్."

వాన రేకుల మీద గట్టిగా పడుతోంది. అఖిల ఏమీ అనకుండా వినాలనుకుంది, కానీ అనకుండా ఉండలేకపోయింది.

"నాకు ఎవ్వలు చెప్పలేదన్నది అబద్ధం" అంది. "విజయ అక్క అని ఉంటుండె. ఇప్పుడు సిరిసిల్లల డాక్టర్. ఏడాదంత పక్కన కూసోని చెప్పింది. ఆమె లేకపోతే నేను మొదటి నెలల్నే వీర్నపల్లికి పోతుంటి. మా అమ్మతోని నాట్లెయ్యవోతుంటి."

సంజీవ్ మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు. "మరి మేడమ్ గట్లెందుకంటది?"

"ఆమెకు తెల్వదు. నేను చెప్పలే."

బస్తాలు కుట్టే సుతిలి ఉండ కాళ్ల దగ్గర పడి ఉంది. అఖిల దాన్ని తీసి ముక్కలు తెంపింది. ఐదు ముక్కలను పక్కపక్కన బస్తా మీద పరిచింది.

"ఇవి మెడ కాడికెల్లి వచ్చే ఐదు వేర్లు. పైన రెండు కలుస్తయ్. కింద రెండు కలుస్తయ్. నడిమిది ఒక్కటే పోతది. ఇప్పుడు ఎన్నున్నయ్?"

"మూడు."

"అవే ట్రంకులు. ఒక్కోటి ముందుకో పాయ, వెనుకకో పాయ అయితది. వెనుక పాయలన్ని ఒక్క తాడైతయ్. ముందు పాయలల్ల పై రెండు ఒక తాడు, కిందిది ఒక తాడు."

ఆమె ఒకసారి కలిపి చూపించి, మొత్తం విప్పేసి అతని ముందుకు తోసింది. అతను తడి వేళ్లతో మెల్లగా పేర్చాడు. ఒకచోట తప్పాడు. తనే చూసుకుని సరిచేశాడు. ఆఖరి తాడు కలిపాక, కాసేపు దాన్ని చూస్తూ కూర్చున్నాడు.

"గింతేనా?" అన్నాడు. ఆ మాటలో సంతోషం కంటే కోపమే ఎక్కువ వినిపించింది.

అఖిల అతన్ని వెంట రమ్మని అడగలేదు. బస్సు ఎక్కే ముందు లచ్చవ్వను పక్కకు పిలిచి, గోదారి సంగతి చెప్పి, ఒంటరిగా వదలొద్దంది. మర్నాడు పొద్దున్నే లచ్చవ్వ సంజీవ్‌ను తీసుకుని కాలేజీ గేటు దగ్గర దిగింది. "నీకప్పజెప్తున్న బిడ్డా" అని అఖిల చెయ్యి పట్టుకుంది. అఖిల అతన్ని తీసుకుని నేరుగా ఆసుపత్రిలో సైకియాట్రీ సార్ దగ్గరికి వెళ్లి, బయట బెంచీ మీద కూర్చుంది. అతను బయటికి వచ్చేదాకా కదల్లేదు.

మధ్యాహ్నం మేడమ్ నుంచి పిలుపొచ్చింది.

గదిలో శాలువాలు లేవు. మేడమ్ కళ్ల కింద వాచి ఉంది. కూర్చోమనలేదు.

"సభ బాగా జరిగింది" అంది. "నువ్వు లేకపోతే నీ కథ నేనే చెప్పాను. లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అమ్మాయిని చూడొచ్చా అని అడిగితే, వార్డులో ఎమర్జెన్సీ ఉంది, రోగిని వదిలి రాలేదు అన్నాను. దానికీ చప్పట్లు కొట్టారు."

అక్కడ అఖిల లేకపోయినా ఏ లోటూ రాలేదు.

"ఇంకేం చెప్పమంటావు నన్ను? పిల్లవాడు పారిపోయాడు, వాణ్ని వెతకడానికి ఇంకో పిల్ల పోయింది, నాకేమీ తెలియదు అని చెప్పాలా?" మేడమ్ పెన్ను మూత పెట్టి తీసింది. "వాడు ఎందుకు పోయాడు?"

"వదిలెయ్యండి మేడమ్."

"నేను అడుగుతున్నాను."

అఖిల బల్ల అంచు పట్టుకుంది. "మీరు నా గురించి చెప్పినందుకు పోయిండు. ఎట్ల సదవాలె అని అడిగిండు. ఈమెకు వచ్చింది నీకెందుకు రాదన్నరు. నాకు ఒక్కదాన్నే సదివితే రాలే మేడమ్. విజయ అక్క రోజూ చెప్పింది. మీ కథల ఆమె లేదు. ఆమె లేకుంట ఆ కథ వింటే ఎవ్వలకైనా గట్లనే అనిపిస్తది."

మేడమ్ పెన్ను కింద పెట్టింది. "విజయ సంగతి నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు."

"మీరెప్పుడూ అడగలే. నేను సుత చెప్పలే. అది నా తప్పే."

"వెళ్లు" అంది మేడమ్. అఖిల తలుపు దాకా వెళ్లాక, "రేపటి నుంచి గ్రూపులో నీ బాధ్యతలు ఇంకొకరికి ఇస్తాను" అని వెనకనుంచి వినిపించింది.

శుక్రవారం సాయంత్రం అఖిల ఎప్పుడూ కూర్చునే ముందు కుర్చీలో కూర్చోలేదు. వెనకవరుసలో, సంజీవ్ పక్కన కూర్చుంది. సంజీవ్ మోకాలు ఆగకుండా ఊగుతోంది. సంగతి కాలేజీ అంతటికీ తెలిసిపోయింది. అతని వైపు ఎవరూ నేరుగా చూడటం లేదు. మేడమ్ లోపలికి వచ్చి, హాజరు తీసుకోకుండా కూర్చుంది. సంజీవ్‌ను లేపి అందరి ముందూ అడుగుతుందేమోనని అఖిల భయపడింది.

"సంజీవ్" అంది మేడమ్. అతను లేవబోయాడు. "కూర్చో. నువ్వు పోయిన వారం ఒకటి అడిగావు. నేను జవాబు చెప్పలేదు. నాకు జవాబు తెలియదు. నేను చిన్నప్పటి నుంచి ఇంగ్లిషులోనే చదివాను." ఇంకా ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఆమెకు అలా ఆగడం అలవాటు లేదు. "మీలో ఎవరికైనా ఏదైనా చెప్పాలని ఉంటే చెప్పండి. ఇవాళ నేను వింటాను."

ఫ్యాను తిరుగుతోంది. సీనియర్లలో ఒకతను ఫోన్ చూసుకున్నాడు. మేడమ్ మళ్లీ మాట్లాడేస్తుందని అఖిల అనుకుంది. మేడమ్ మాట్లాడలేదు.

గోడ పక్క నుంచి లత లేచి నిలబడింది. లత ఫస్టియర్. మెస్సులో రోజూ అఖిల బల్ల దగ్గరే కూర్చుంటుంది, నవ్వుతూ ఉంటుంది, ల్యాబు రికార్డు అందరికంటే ముందే పూర్తి చేస్తుంది. ఆ అమ్మాయి గురించి ఎవరూ ఎప్పుడూ ఆలోచించింది లేదు.

"మేడమ్" అంది. దుపట్టా కొస రెండు చేతులతో పట్టుకుంది. "సంజీవ్ పోయిండని తెలిసినప్పుడు, నేనెందుకు పోతలేనని అనిపించింది. నాకు సుత రోజూ పోవాలనే ఉంటాంది. ఎవ్వలకు చెప్పాల్నో తెల్వక నవ్వుకుంట తిరుగుతున్న."

మేడమ్ కుర్చీ వెనక్కి నెట్టి లేచి, వెళ్లి లత పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె భుజం మీద చెయ్యి వెయ్యలేదు. చేతులు ఒళ్లోనే పెట్టుకుంది.

"చెప్పు బిడ్డా" అంది.

సంజీవ్ మోకాలు ఊగడం ఆగిపోయింది. లత మాట్లాడటం మొదలుపెట్టింది. వరండాలో ఎవరో నవ్వుకుంటూ ఇటే వస్తున్నారు. అఖిల లేచి, చప్పుడు కాకుండా వెళ్లి తలుపు మూసి గడియ పెట్టింది.